శ్రీశైల మార్గము: దుప్పి మరణము, మనుష్య మరణము

శ్రీశైలమునకు బోవు అడవిదారులు రాత్రి తొమ్మిది గంటలకు మూయబడి, ఉదయము ఆఱు గంటలకు తెఱవబడుచున్నవి. ఆంధ్రప్రదేశమువైపున దోర్నాల యొద్దను, తెలంగాణమువైపున మన్ననూరు యొద్దను అటవీశాఖవారి గేట్లు గలవు. ఆ తొమ్మిది గంటల కాలము నల్లమల మృగములది. తక్కిన కాలము మనుష్యులది. ఈ కట్టుబాటును గూర్చి రెండు తెగల యభిప్రాయములు వినబడుచున్నవి. మృగములకొఱకు మనుష్యుని దారిలో నిలిపివేయుట యేమి న్యాయమని కొందఱు యాత్రికులును, వర్తకులును అడుగుచున్నారు. మనుష్యుడు కొన్ని గంటలు ఓర్చుకొనిన నష్టమేమి యని అరణ్యప్రియులు బదులు చెప్పుచున్నారు. ఒక విషయమున మాత్రము ఇరువురును ఏకీభవించుచున్నారు: గేటు వేయుట కేవలము మృగరక్షణము కొఱకే యని. మా యభిప్రాయములో ఇరువురును పొరబడుచున్నారు. ఆ గేటు మనుష్యుని ప్రాణమును గూడ కాపాడుచున్నది. అది కాపాడజాలనిచోట, అనగా గేటు తెఱచియుండు మునిమాపువేళను, గేటులేని యితర దారులలోను, ఒకే దెబ్బ దుప్పికిని మనుష్యునికిని దగులుచున్నది. అట్లు తగిలిన దెబ్బలను ఒకచోట జేర్చి లెక్కింపకుండుటయు, ఆ లెక్క లేకపోవుటచేత ఎవరికిని బాధ్యత లేకపోవుటయు నేడు మేము విచారింపదలచిన విషయము.

అడవియు, దారియు

నాగార్జునసాగర్-శ్రీశైలము అభయారణ్యము 1978లో ఏర్పడి, 1983లో పులుల సంరక్షణ పథకమున జేర్చబడినది. 3,568 చదరపు కిలోమీటర్ల వైశాల్యముతో అది దేశములోని పులుల రక్షితారణ్యములలో నెల్ల పెద్దదిగా నుండెను. 2014లో రాష్ట్రవిభజనమైన పిమ్మట కృష్ణకు ఉత్తరభాగము అమ్రాబాదు పేరున తెలంగాణమునకు జెందినది. ఇంత యడవిని చీల్చుకొని పెద్దదారులు పోవుచున్నవి. హైదరాబాదునుండి శ్రీశైలముమీదుగా దోర్నాలకు వచ్చు 765వ నంబరు జాతీయ రహదారి యొకటి. కర్నూలునుండి ఆత్మకూరుమీదుగా దోర్నాలకు బోవునది యొకటి. నంద్యాలనుండి గిద్దలూరునకు బోవు ఘాటుదారి యొకటి. దక్షిణమున కడప మండలములో బద్వేలునకు బోవు దారి లంకమల యడవుల యంచునంటి సాగుచున్నది. పడమట ఆదోని, ఆలూరు ప్రాంతముల నల్లరేగడి పొలములలో కృష్ణజింకలు మందలుగా దిరుగుచున్నవి. అక్కడ అడవియే లేదు. పొలమే జింకకు అడవి.

పూర్వము ఈ దారులలో బోవువారు కాలినడకన బోయిరి. నేటికిని శివరాత్రికిని ఉగాదికిని వేలకొలది భక్తులు, ముఖ్యముగా కన్నడదేశపువారు, ఆత్మకూరు దాటి నాగలూటిమీదుగా భీమునికొలను దారిని నడచి మల్లన్న సన్నిధికి జేరుచున్నారు. నడచువానికి దుప్పివలన భయము లేదు. దుప్పికి నడచువానివలన ప్రాణభయము లేదు. ఇరువురకును శత్రువు వేగము. దారి నున్నబడినకొలదియు, బండ్లు బలిసినకొలదియు ఆ శత్రువు బలపడుచున్నాడు.

మృగముల నడవడిని గొంచెము తెలిసికొనిన ఈ ప్రమాదము యాదృచ్ఛికము కాదని స్పష్టమగును. దుప్పి ఒంటరిగా దిరుగునది కాదు. ఒకటి దారి దాటినచో వెనుక మఱి నాలుగైదు ఉండును. ముందుదానిని తప్పించితినని సంతోషించు వాహనదారుడు రెండవదానిని గ్రుద్దుచున్నాడు. రాత్రిచరమైన కన్నులలో వెలుగును మరల్చు పొర యుండుటచే దీపకాంతి సూటిగా బడినప్పుడు వాటికి దిక్కు తోపదు, పాఱిపోవలసినచోట నిలిచిపోవును. ప్రొద్దుగ్రుంకు వేళయు, తెల్లవాఱు వేళయు వాటి మేతకాలము. ఎండకాలమున కుంటలు ఎండగా నీటికై దూరము నడచును. తొలకరిలో దారిప్రక్కల లేతగడ్డి మొలవగా అచటికే వచ్చును. యాత్రికులు దారిప్రక్కన బాఱవేయు అరటితొక్కలును, అన్నపు పొట్లములును వాటిని మఱింత చేరువకు బిలుచుచున్నవి. మగదుప్పి డెబ్బది ఎనుబది కిలోలు తూగును. కణితి యైనచో రెండువందలకు మించును. మోటారుసైకిలుపై బోవు మనుష్యునికి అది ఎదురుగా నిలిచిన గోడ.

వేగపు లెక్క

ఇక వాహనపు నడవడిని జూతము. గంటకు 80 కిలోమీటర్ల వేగమున బోవు బండి ఒక సెకనులో 22 మీటర్లు గడచును. ఎదుట జంతువును చూచి, అది జంతువని తెలిసి, బ్రేకు నొక్కుటకు ఒకటిన్నర సెకను పట్టునని యనుకొందము. ఆలోపలనే 33 మీటర్లు గడచిపోవును. పొడిదారిమీద మంచి బ్రేకులతో బండి నిలుచుటకు మఱి 36 మీటర్లు గావలయును. వెరసి దాదాపు 70 మీటర్లు. అదే బండి 40 కిలోమీటర్ల వేగమున బోవుచున్నచో మొత్తము 26 మీటర్లలో నిలుచును. మోటారుసైకిలు దీపము క్రిందికి దించియుండగా దాని వెలుగు సామాన్యముగా నలువది, ఏబది మీటర్లకు మించి ఉపయోగపడదు. కాబట్టి 80 కిలోమీటర్లతో బోవువాడు తాను చూడజాలని దూరమునకు బండిని వదలుచున్నాడు. 40తో బోవువాడు చూచినది చూచినట్లు నిలుపగలడు. చాకచక్యము, అనుభవము, దైవకృప అను మాటల కిచట చోటులేదు. ఇది గుణకారము, భాగహారము.

పాశ్చాత్యదేశములలో ఈ విషయమును చిరకాలమునుండి లెక్కించుచున్నారు. అమెరికా సంయుక్తరాష్ట్రములలో ఏటేట పదిలక్షలనుండి ఇరువదిలక్షలవఱకు పెద్దమృగములతో వాహనములు ఢీకొనుచున్నవనియు, దాదాపు 200 మంది మరణించుచున్నారనియు, 26,000 మంది గాయపడుచున్నారనియు 2008లో అచటి రహదారుల శాఖ తమ శాసనసభకు నివేదించినది. ఐరోపాలో ఏటికి అయిదులక్షల ప్రమాదములు, 300 మరణములు, 30,000 గాయములు జరుగుచున్నవని 1996లోనే శాస్త్రజ్ఞులు అంచనా కట్టిరి. ఇన్ని లక్షల ప్రమాదములకు మరణములు వందలలోనే యుండుటకు కారణమేమి? అచట దుప్పిని గ్రుద్దునది సామాన్యముగా కారు. బండి ముక్కు నలుగును, లోపలివాడు బ్రదుకును. అచట ప్రాణము గోల్పోవువారిలో మోటారుసైకిలువారు విశేషముగా నుండుటయు, వారిలో సగమునకు మించినవారికి తలపై హెల్మెట్ లేకుండుటయు అచటి బీమాసంస్థల పరిశోధనాలయమువారు కనుగొనిరి.

మన దేశపు దారులమీద లోకమంతయు మోటారుసైకిలుపైననే పోవుచున్నది. 2022వ సంవత్సరమున భారతదేశములో రోడ్డు ప్రమాదములవలన 1,68,491 మంది మరణించిరి. అందు నూటికి 44 మందికి పైగా ద్విచక్రవాహనములవారు. హెల్మెట్ లేకపోవుటచే మరణించినవారు 50,029 మంది యని కేంద్ర రవాణాశాఖవారి లెక్క. పొలమునకు నీరు గట్టి చీకటిపడిన పిమ్మట ఇంటికి వచ్చు రైతు, బజారున దుకాణము గట్టి పల్లెకు మరలు చిల్లరవర్తకుడు, భార్యాబిడ్డలను బండిపై నెక్కించుకొని మల్లన్న దర్శనమునకు బోవు కూలి: వీరికి చుట్టును ఇనుపగోడ లేదు. కారులో బోవువానికి నష్టమైనది వీరికి మరణమగును. కాబట్టి ఈ సమస్య పాశ్చాత్యులలో ధననష్టముగా బరిగణింపబడుచుండగా మనకు గృహనాశముగా బరిణమించుచున్నది.

రెండు పుస్తకములు

నడిరాత్రి కాదు, మునిమాపువేళ దారిమీద ఒక దుప్పియు, ఒక మనుష్యుడును పడియున్నారని యనుకొందము. అటవీశాఖవారు వచ్చి దుప్పిని గొంపోయి, పశువైద్యునిచే పరీక్ష చేయించి, తమ పుస్తకములో వ్రాసికొందురు. పోలీసువారు వచ్చి మనుష్యుని ఆసుపత్రికి జేర్చి, పంచనామా జరిపి, తమ పుస్తకములో వ్రాసికొందురు. మొదటి పుస్తకము అరణ్యమునకు సంబంధించినది, రెండవది నేరములకు సంబంధించినది. ఈ రెండింటిని ఎదురెదురుగా బెట్టి, ఫలాని కిలోమీటరు రాతియొద్ద, ఫలాని మాసములో, ఫలాని వేళ తఱచుగా ఢీకొనుట జరుగుచున్నదని చెప్పు బాధ్యత ఎవరిది? దారిని వేసినది మూడవ శాఖ. దాని పుస్తకములో ఈ రెండును లేవు. మనుష్యుడు గాయపడక దుప్పి మాత్రము చచ్చినచో కేసు భయముచే వాహనదారుడు చెప్పకుండ బోవుట సహజము. దుప్పి గాయపడి అడవిలోనికి బోయి, మనుష్యుడు మాత్రము చచ్చినచో, అది అదుపుదప్పి పడిన బండిగా వ్రాయబడుటయు సహజమే. ఇట్లు ఒక ప్రమాదము రెండు పుస్తకములలోను సగము సగముగా మాయమగుచున్నది.

స్వీడను దేశములో 2010నుండి ఒక నియమము గలదు. దుప్పిజాతి మృగము మొదలగు వానిని గ్రుద్దిన వాహనదారుడు పోలీసులకు దెలుపవలయును. ఆ స్థలమున గుర్తు పెట్టవలయును. గాయపడిన మృగమును వెదకుటకు వేటగాండ్రు వత్తురు. తెలుపుట నేరము కాదు, తెలుపకుండుట నేరము. అందుచేత ఏ దారిలో ఏ మలుపు ప్రమాదకరమో వారికి దెలియును. అచట కంచె వేయుదురు, ఫలకము నాటుదురు. మనకు అట్టి జ్ఞానము లేకపోలేదు. ఏ కుంటకు ఏ మంద ఏ దారిని దాటునో నల్లమల చెంచులకు మించి తెలిసినవారు ఎవరు? వారిలో ననేకులు అటవీశాఖలో కావలివారుగా బనిచేయుచున్నారు. వారి నోట నున్నదానిని పుస్తకములోనికి దెచ్చు కోరిక ప్రభుత్వమునకు గలుగవలయును.

చచ్చిన దుప్పి యెవరిది?

ఇక న్యాయవిషయము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము 39వ సెక్షను ప్రకారము చచ్చి పడియుండిన అడవిమృగము ప్రభుత్వపు సొత్తు. దాని చర్మమునైనను, కొమ్మునైనను ఎవరును ముట్టరాదు. ఇది యుక్తమైన నియమమే; లేనిచో వేటగాండ్రు ప్రతి వేటను ప్రమాదమని చెప్పుదురు. అయితే చచ్చిన దుప్పి ప్రభుత్వపుదైనప్పుడు, బ్రదికియుండి దారి కడ్డము వచ్చి ఒక గృహస్థుని ప్రాణము దీసిన దుప్పి యెవరిది? ఈ ప్రశ్నకు మాత్రము కచ్చేరీలలో జవాబు దొరకదు.

మోటారు వాహనముల చట్టము ప్రకారము ప్రతి బండికిని ఉండవలసిన బీమా పరులకు గలుగు నష్టమునకు సంబంధించినది. బండి నడుపువాడు పరుడు కాడు. ఎదుట మఱొక బండి యున్నచో దాని బీమాసంస్థ నడుగవచ్చును. గుర్తు తెలియని బండి గ్రుద్ది పాఱిపోయినను, 2022 నాటి పథకము ప్రకారము మృతుని కుటుంబమునకు రెండులక్షల రూపాయలు గలవు. దుప్పికి నంబరు లేదు, బీమా లేదు. అది పాఱిపోయిన బండియు గాదు. ఇతరుని మోటారుసైకిలు నెరవు దెచ్చుకొని నడుపుచు ఎద్దులబండిని గ్రుద్ది మరణించిన వాని కుటుంబమువారు తెచ్చిన వ్యాజ్యములో సర్వోన్నత న్యాయస్థానము 2009లో తీర్పు చెప్పుచు, నెరవు దెచ్చుకొన్నవాడు యజమాని స్థానమున నిలుచును గాన తప్పొప్పులతో బనిలేని నష్టపరిహారపు సెక్షను క్రింద అతని వారసులు అడుగజాలరని నిర్ణయించినది. ఎద్దులబండి స్థానమున దుప్పి యున్నచో దారి మఱింత మూసికొనును. 2018నుండి యజమాని తానే నడుపునప్పుడు పదునైదు లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా ఏర్పాటు గలదు. అది నిజముగా నుపయోగించునది. కాని అన్న పేరనున్న బండిని తమ్ముడు నడిపినచో అది వర్తింపదు, గడువు దీఱినచో అసలే వర్తింపదు. ఉమ్మడికుటుంబములలో బండి యొకరి పేరను, నడుపుట యింకొకరును గదా!

అడవిమృగముల దాడివలన మరణించినవారి కుటుంబములకు కేంద్రప్రభుత్వపు పథకము క్రింద ఇచ్చు సహాయమును 2023 డిసెంబరులో అయిదులక్షలనుండి పదిలక్షలకు బెంచిరి. పులి చంపినను, ఏనుగు చంపినను ఈ సహాయము గలదు. దుప్పి దాడిచేయదు, అడ్డము వచ్చును. దాడిలో బోయిన ప్రాణమునకును, అడ్డము వచ్చుటచే బోయిన ప్రాణమునకును ఇంట మిగిలినవారి దుఃఖములో భేదమున్నదా? పంజాబు, హర్యానా ఉన్నతన్యాయస్థానము 2023 నవంబరులో ఈ భేదమును గొంతవఱకు త్రోసివేసినది. వీథిపశువులే గాక నీలుగాయివంటి మృగములవలన గలుగు ప్రమాదములకును పరిహారము నిర్ణయించుటకు జిల్లాకొక సంఘమును ఏర్పఱచవలయునని శాసించినది. నీలుగాయి మఱేమియు గాదు, మన నల్లమలలోని మనుబోతే. సట్లెజి తీరమున న్యాయమైనది కృష్ణాతీరమున అన్యాయమెట్లగును?

ఇచట మన చరిత్ర గుర్తునకు వచ్చుచున్నది. 1882 నాటి మద్రాసు అడవిచట్టము అడవిలోని గడ్డిపోచనుగూడ సర్కారు సొత్తుగా జేసినది. పుల్లరి కట్టమని నిలిచిన పల్నాటి రైతులకు నాయకుడై కన్నెగంటి హనుమంతు 1922లో తుపాకిగుండ్లకు బలియయ్యెను. సొత్తు దొరలది, కష్టము రైతుది యను పద్ధతిపై ఆనాడు తిరుగబడితిమి. స్వరాజ్యమునందును సొత్తు ప్రభుత్వపుదిగాను, సొత్తువలని నష్టము రైతుదిగాను ఉండుట తగదు. మృగములు జాతికి సొత్తని మేమును అంగీకరింతుము, గర్వింతుము. జాతి సొత్తైనచో జాతియే దాని వలని నష్టమును భరింపవలయును. దారిలో దొరికిన అభాగ్యుని ఇంటిపై ఆ భారమును వదలరాదు.

చంపుటయు కాదు, తెఱచుటయు కాదు

పొలముగలవారిలో కొందఱు, ఈ జింకలను కొంతవఱకు తగ్గించినచో పైరును దక్కును, దారియు దక్కును అని చెప్పుదురు. కంది, శనగ, పత్తి పోగొట్టుకొన్న రైతు కోపమును మేమెఱుగుదుము. కాని తుపాకియే ఉపాయమైనచో వేటకు బేరుపడిన అమెరికాలో ఈ ప్రమాదములు ఎన్నడో అంతరింపవలసినది. అచటి విస్కాన్సిను రాష్ట్రమున 2021లో వెలువడిన ఒక పరిశోధన విచిత్రమైన సంగతిని బయటపెట్టినది. తోడేళ్లు తిరిగివచ్చిన మండలములలో దుప్పులతో వాహనములు ఢీకొనుట నూటికి 24 వంతులు తగ్గినదట. తోడేళ్లు దుప్పులను దిని తగ్గించుట దీనిలో స్వల్పభాగమే. అవి దారివెంట నడచుచుండుటచే దుప్పులు వెఱచి దారికి దూరముగా దిరుగుటయే ముఖ్యకారణమని వారు తేల్చిరి. నల్లమలలో నాలుగుకాళ్ల కావలివాడు మనకు వేఱుగా గలడు. పులికి మేత దుప్పి. దుప్పిని మనము చంపివేసినచో పులి పశువులపై బడును.

పట్టణవాసులలో కొందఱు రాత్రియును దారి తెఱవుడని కోరుచున్నారు. వారికి మా సమాధానము ముందే చెప్పితిమి. అందఱకన్న నెక్కువగా మృగములు దిరుగు వేళ, అందఱకన్న తక్కువగా కన్ను గానవచ్చు వేళ, దారి తెఱచుట వారి ప్రాణములకే ముప్పు. కర్ణాటకములోని బందీపురము మీదుగా బోవు రహదారిని 2009లో రాత్రి తొమ్మిదినుండి ఉదయము ఆఱువఱకు మూసిరి. 2010లో ఆ రాష్ట్ర ఉన్నతన్యాయస్థానము దానిని స్థిరపఱచినది. రోగులను గొనిపోవు బండ్లకును, నియమితమైన కొన్ని బస్సులకును మినహాయింపు గలదు. దానివలన కేరళ కర్ణాటకముల వర్తకము నిలిచిపోలేదు. మన్ననూరునుండి శ్రీశైలమువఱకు అడవిపైన ఎత్తుగా వంతెనదారి వేయవలయునను ప్రతిపాదన తెలంగాణమున బయలుదేఱినది. తత్త్వమున అది మంచిదే. నాగపురమునుండి సివనీకి బోవు 44వ నంబరు రహదారిని పెంచ్ అడవిలో వెడల్పు చేసినప్పుడు మృగములు క్రిందుగా బోవుటకు తొమ్మిది మార్గములు గట్టిరి. వానిలో ఒకటి 750 మీటర్ల పొడవుగలది. 2019లో కెమెరాలు పెట్టి చూడగా పదునెనిమిది జాతుల జంతువులు, దుప్పియు, పులియుగూడ, వానిక్రింద నడచుచున్నట్లు తేలినది. కెనడాదేశమున బాన్ఫ్ వనములో కంచెయు, దాటు మార్గములును కలిపి వేయగా ప్రమాదములు నూటికి ఎనుబదివంతులకు మించి తగ్గినవి. కావున ఉపాయము లేదను మాట అబద్ధము. కాని గొప్ప వంతెనకు గొప్ప ధనమును, అనేక సంవత్సరములును కావలయును. ఈ శివరాత్రికి బోవువాడు ఆ వంతెనపై బోవడు. అందుచే స్వల్పవ్యయముతో వెంటనే చేయదగిన పనులను మేము సూచించుచున్నాము.

చేయదగిన పనులు

మొదటిది, గేటు దాటిన సమయము వ్రాసిన చీటీ. తిరుమల ఘాటుదారిమీద ఈ పద్ధతి గలదు. క్రింది గేటున చీటీ యిచ్చి, నియమింపబడిన కాలమునకు ముందుగా పైగేటునకు జేరిన బండికి జరిమానా వేయుదురు. వేగమును కొలుచుటకు యంత్రములతో బనిలేదు. రెండు గడియారములు చాలును. దోర్నాల, మన్ననూరు గేట్లయందు ఇదే పద్ధతి పెట్టుట కష్టమా? ముఖ్యముగా గేటు మూయుటకు ముందటి రెండు గంటలలో దీని యవసరము హెచ్చు. తొమ్మిదిలోపల దాటవలయునను తొందరలోనే బండ్లు పరుగెత్తును. ఆ సమయముననే దుప్పులు మేతకు దిగును. మృగరక్షణమునకై పెట్టిన గడువు వేగమునకు కొరడా యగుట విపరీతము. ద్విచక్రవాహనములకు ప్రొద్దుగ్రుంకుటతోనే గేటు మూయుట యుత్తమము.

రెండవది, అట్లు నిలిచిపోవువారికి నీడ. గేటు మూయుట ధర్మమైనచో గేటుముందర సత్రము గట్టుటయు ధర్మమే. కారులో వచ్చువాడు కారులో నిద్రించును. మోటారుసైకిలుపై బిడ్డలతో వచ్చినవాడు ఎచట బండుకొనును? దోర్నాల, మన్ననూరులలో ఉచితముగా నాలుగు గోడలు, నీళ్లు, మరుగుదొడ్లు ఏర్పఱచి, ఉదయమున పైకి బోవుటకు ఆర్టీసీ బస్సుల నెక్కువ చేసినచో చీకటిలో పరుగెత్తువారు తగ్గుదురు. దేవస్థానమువారు దీనిని తమ కైంకర్యములలో నొకటిగా జేసికొనదగును.

మూడవది, ఉమ్మడి పుస్తకము. పోలీసు, అటవీ, రహదారి శాఖలు మూడును కలిసి, మృగములతో గలిగిన ప్రతి ప్రమాదమును కిలోమీటరు రాతి, వేళ, మృగజాతి, మనుష్యనష్టముతో వ్రాసి ఏటేట ప్రకటింపవలయును. తానుగా వచ్చి చెప్పిన వాహనదారుని దొంగవేటగానివలె జూడరాదు. ఆ లెక్కనుబట్టి మలుపులలో పొదలు నఱకి చూపు తెఱపుట, వేగనిరోధకములు వేయుట, వేసవిలో అటవీశాఖవారు నింపు నీటితొట్లను దారికి దూరముగా నుంచుట మొదలగునవి జరుగును.

నాలుగవది, పరిహారము. అడ్డము వచ్చిన మృగమువలన మరణించినవానిని మృగము దాడివలన మరణించినవానితో సమానముగా జూడవలయును. ఉభయ తెలుగు ప్రభుత్వములును ఉత్తర్వుతో దీనిని సాధింపవచ్చును. నిర్లక్ష్యముగా బండి నడిపినవానికి గూడ ఈయవలయునా యని యడుగుదురేమో. వేగపు చీటీయే దానికి సాక్ష్యము చెప్పును.

ప్రభుత్వముపై భారము వేసి ఊరకుండుట మాకు సమ్మతము గాదు. హెల్మెట్ పెట్టుకొనుట, బీమా గడువు చూచుకొనుట, నడుపువాని పేర రక్షణము గలదో లేదో తెలిసికొనుట, దారిప్రక్కన తిండి బాఱవేయకుండుట, ఒక దుప్పి దాటినప్పుడు రెండవదానికై నిలుచుట: ఇవి మన చేతిలోనివి. గ్రామములలో పెద్దలు తమ యింటి యువకులకు ఈ మాటలు చెప్పినచో కొన్ని కుటుంబములు నిలుచును.

శ్రీశైలమునకు బోవు భక్తుడు ఎవని దర్శనమునకు బోవుచున్నాడో ఆ పరమేశ్వరుడు లేడిని చేత ధరించినవాడు. చెంచులు ఆయనను తమ యల్లునిగా భావించి చెంచుమల్లయ్య యందురు. అడవియు, మృగమును, మనుష్యుడును ఒకే యింటివారని ఆ క్షేత్రము చెప్పుచున్నది. దారి మాత్రము వారిని శత్రువులుగా జేసినది. దానిని సరిచేయుటకు కొండంత ధనము అక్కఱలేదు. గేటుకడ ఒక గడియారము, ఒక చీటీ, ఒక సత్రము, ముగ్గురు అధికారులు కలిసి వ్రాయు ఒక పుస్తకము చాలును. రానున్న శివరాత్రి లోపల వీనిలో కొన్నియైనను ఆచరణమునకు వచ్చునా యని ఉభయ ప్రభుత్వములను మేము అడుగుచున్నాము. పాఠకులును తమ శాసనసభ్యులను ఇదే ప్రశ్న అడుగవలయునని కోరుచున్నాము.